దీపాలార్పడానికి వెళ్ళినవాడు

మే నెల ఎండకి నది కంపు కొడుతోంది.

తారు కంపు. ఎండ్రకాయల కంపు. రిఫైనరీ గొట్టాల్లోంచి రాత్రీ పగలూ దిగే కుళ్ళిన గుడ్డు కంపు... మెక్సికో రేవు తాంపికోలో పుట్టినవాళ్ళకి ఇవేవీ కంపు కింద లెక్క కాదు. గాలంటే ఇదే అనుకుంటారు. ఒతీలియా కూడా అలాగే అనుకునేది.

ఈ మే నెలలో మాత్రం ఆ గాలి ఆమె గొంతుకి అడ్డం పడుతోంది.

రేడియో చెప్పింది. తర్వాత పొరుగింటామె చెప్పింది. తర్వాత చర్చి గంట చెప్పింది. తర్వాత వీధి చివర మొక్కజొన్న రొట్టెలు కాల్చే ముసలమ్మ పిండి చేతుల్తోనే పరుగెత్తుకొచ్చి చెప్పింది.

తెలిసిన సంగతిని ఎంతమంది చెప్తారు?

దోస్ సేయిబాస్ మునిగిపోయింది.

రెండు బూరుగు చెట్లు — అదీ ఆ ఓడ పేరుకి అర్థం. చమురు మోసే ఓడ. కడుపు నిండా చమురుతో న్యూయార్క్ వెళ్తోంది. ఫ్లోరిడా తీరం పక్కగా పోతుంటే, నీళ్ళ అడుగున పొంచి ఉన్న జర్మన్ జలాంతర్గామి కొట్టింది. మెక్సికోకి అప్పటికి ఎవరితోనూ యుద్ధం లేదు. అయినా కొట్టింది.

ఆ ఓడలో పంపులు చూసేవాడు ఇలారియో. ఒతీలియా మొగుడు.

కొందరు బతికారన్నారు. ఇలారియో వాళ్ళలో లేడన్నారు.

ఒతీలియాకి ఏడుపు రాలేదు.

విసుగొచ్చింది.

ఇల్లంతా జనం. కుర్చీలు చాలక మంచం మీద కూర్చున్నారు, మంచం చాలక ఆమె కుట్టు మిషను బల్ల మీద కూర్చున్నారు. ఎవరో చిక్కుడుగింజల కూర తెచ్చారు, ఉప్పెక్కువ. ఇంకెవరో ఇంకో గిన్నె తెచ్చారు, అందులో ఉప్పే లేదు. రెండూ కలిపితే సరిపోతుందేమో అని ఆలోచిస్తూ నిలబడిపోయింది ఒతీలియా. ఆ నిలబడ్డం చూసి ఆడవాళ్ళు — పాపం, రాయైపోయింది — అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

అత్తగారు తొమాసా కిటికీ దగ్గర కూర్చుంది. మేరీ మాత పటం ముందు కొవ్వొత్తులు వెలిగిస్తోంది. ఒకటి కరిగేలోపు ఇంకోటి. మాట లేదు. తిండి లేదు. కొవ్వొత్తులే.

"అత్తా, ఇన్నెందుకు? ఒకటి చాలదూ?"

తొమాసా ఇంకోటి వెలిగించింది.

నీ కొడుకుంటే అన్నీ ఊదేసేవాడు... అనబోయి ఒతీలియా ఊరుకుంది.

నిజంగానే ఊదేసేవాడు.

ఇలారియో అంటే నవ్వుముఖం వాడని అర్థం. ఏ గడియలో ఆ పేరు పెట్టిందో తొమాసా. పుట్టినప్పటి నుంచీ మూతి ముడుచుకునే ఉన్నాడు. ఎండ కాస్తే ఎండ అని సణుగుడు. ఉత్తరపు గాలి వీస్తే గాలి అని సణుగుడు. ఓడలో ఉంటే ఇల్లని, ఇంట్లో ఉంటే ఓడని. అన్నిటికంటే పెద్ద సణుగుడు దీపాల మీద. ఎక్కడైనా దీపం ఊరికే వెలుగుతూ కనిపించిందా, ఇక అతనికి కూర్చోబుద్ధి కాదు. వరండాలోది ఆర్పేవాడు. వంటింట్లోది ఆర్పేవాడు. ఒతీలియా సూదిలో దారం ఎక్కిస్తుండగా వచ్చి ఆమె నెత్తి మీది బల్బు కూడా ఆర్పేవాడు.

"ఎవరికోసం వెలుగుతోంది ఇది?"

"నాకోసం. కళ్ళు కనపడటం లేదూ నేనిక్కడున్నట్టు?"

"ఓహో" అనేవాడు. మళ్ళీ వేసేవాడు. క్షమించమని అనేవాడు కాదు.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే. ఆమె వేయడం, అతను ఆర్పడం. ఒక్కోసారి పంతానికి ఆమె ఇంట్లో ఉన్నవన్నీ వేసి నడివీధిలోకి వెళ్ళి నిలబడేది. అతను ఒక్కొక్క గదీ ఆర్పుకుంటూ, గొణుక్కుంటూ, ఇల్లంతా చీకటి చేసి, ఆ చీకట్లోంచి గుమ్మంలోకి వచ్చి — "వంటేం చేశావ్" అని అడిగేవాడు.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఒళ్ళంతా దీపాలున్న ఓడలో పెట్టారు.

మాది ఎవరి పక్షమూ కాదు అని జర్మన్లకి తెలియాలట. ఓడ రెండు పక్కలా పెద్ద జెండా రంగులతో వేశారు — ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. పైనుంచి దాని మీదికి దీపాలు దించారు. పొద్దు వాలితే చాలు, ఓడంతా తిరునాళ్ళే.

చివరిసారి ఇంటికొచ్చినప్పుడు ఆ దీపాల గురించి తప్ప ఇంకో మాట లేదు.

"నిద్ర పట్టి చస్తేగా. రెప్పలు మూసినా లోపలికొచ్చేస్తోంది వెలుతురు."

"గుడ్డ కట్టుకో కళ్ళకి."

"జెండా కనపడితే కొట్టరట. కెప్టెన్‌కి చెప్పా — సముద్రం మధ్యలో మనమొక్కళ్ళమే వెలిగిపోతుంటే, వాడు గురి చూసుకోడానికి దీపం పట్టినట్టు కాదా అని."

"ఏమన్నాడు?"

"పంపులు చూసుకోమన్నాడు."

పంపులు చూసుకోడానికే వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి తలుపు అటూ ఇటూ ఆడించాడు. కిర్రుమంది. "దీనికి కాస్త నూనె వెయ్యి" అన్నాడు. ప్రపంచానికంతటికీ నూనె మోసే మనిషి, సొంత తలుపు బందుకి ఒక చుక్క వేసి ఎరగడు.

అదే అతని ఆఖరి మాట.

పత్రిక నుంచి ఒకతను వచ్చాడు. ఎగాదిగా చూశాడు. మీ ఆయన వెళ్ళేటప్పుడు చివరిగా ఏమన్నారమ్మా అని అడిగాడు. ఒతీలియా చెప్పింది. తలుపు బందు. నూనె.

మర్నాడు పత్రికలో — "దేశం పిలుస్తోంది ఒతీలియా, నేను వెళ్ళాలి."

ఆమె ఆ పేజీలో ఎండ్రకాయలు చుట్టి పొరుగింటికి పంపింది.

*

బతికినవాళ్ళు రైల్లో వచ్చారు.

స్టేషన్‌కి ఊరంతా వెళ్ళింది. ఒతీలియా వెళ్ళలేదు. రానివాడి కోసం స్టేషన్‌కి ఎందుకు... బట్టలు ఉతికింది. ఆరేసింది. నది మీంచి వచ్చే మసి వాటి మీద పడుతుంటే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం బాల్దొమేరో వచ్చాడు. పంపుల దగ్గర ఇలారియోకి జోడీ. ఓడలో పక్కపక్క మంచాలు. ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టు. కనుబొమ్మలు లేవు, కాలిపోయాయి. అందుకని అతని ముఖం ఎప్పుడూ ఏదో విని ఆశ్చర్యపోయినట్టు ఉంది.

కుర్చీ చూపించింది. కాఫీ పోసింది. అతను తాగలేదు. కప్పులోకి చూస్తున్నాడు.

"చల్లారిపోతుంది" అంది.

తాగాడు. మళ్ళీ కప్పులోకి చూస్తున్నాడు.

"బాల్దొమేరో. ఊళ్ళో అందరూ ఏదో ఒకటి చెప్పారు. చూసినవాడివి నువ్వు. చెప్పడానికేగా వచ్చావ్... చెప్పు."

చెప్పాడు.

"మొదటి టార్పెడో ముందు వైపు తగిలింది వదినా. ఓడ లేచి కూలబడింది. మంచాల మీంచి కింద పడ్డాం. నేనూ ఇలారియో పైకొచ్చేశాం. పడవ దించుతున్నారు. దిగాం కూడా."

"దిగాడా? ఆయన కూడానా?"

"దిగాడు. నా పక్కనే కూర్చున్నాడు. తాళ్ళు ఇంకా విప్పలేదు. నెత్తి మీద ఆ దీపాలు... ముందు సగం నీళ్ళలోకి పోతోంది, వెనక సగంలో ఇంజన్లు ఇంకా తిరుగుతున్నాయి. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. జెండా మెరిసిపోతోంది. మా ముఖాలు ఒకరివి ఒకరికి పట్టపగల్లా కనపడుతున్నాయి."

ఆగాడు.

ఒతీలియాకి తెలిసిపోయింది. అతను మళ్ళీ నోరు తెరవకముందే తెలిసిపోయింది. వద్దు, చెప్పకు అనాలనిపించింది.

"ఇలారియో పైకి చూశాడు. 'ఎవరికోసం వెలుగుతున్నాయివి' అన్నాడు. తాడు పట్టుకుని మళ్ళీ పైకెక్కేశాడు. నేను చొక్కా పట్టుకున్నా. విదిలించుకున్నాడు. తిట్టాడు నన్ను. కెప్టెన్‌ని తిట్టాడు. దీపాలు పెట్టమన్న ప్రతివాణ్ణీ పేరు పేరునా తిట్టుకుంటూ పోయాడు."

బయట తాడు మీద బట్టలు గాలికి కొట్టుకుంటున్నాయి.

"ఆర్పాడా?"

"ఆర్పాడు వదినా. అన్నీ ఒక్కసారిగా పోయాయి. చిమ్మచీకటి. ఆ చీకట్లో తాళ్ళు కోసుకుని పడవని తోసుకున్నాం. కొంచెం దూరం జరిగాక... రెండోది తగిలింది."

చమురు అంటుకుంది. ఓడ అంటుకుంది. నీళ్ళు అంటుకున్నాయి. అతను ఆర్పిన దీపాలన్నీ కలిపినా అంత వెలుతురు లేదు... సముద్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా వెలిగింది. తెల్లవారే దాకా వెలిగింది.

"ఆ చీకటి వల్లే మేం బతికామేమో" అన్నాడు బాల్దొమేరో. "కాకపోవచ్చు. తెలీదు."

ఒతీలియా లేచింది. కప్పు తీసుకుంది. కడిగింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

"పడవలో చోటుంది" అంది, వెనక్కి తిరక్కుండానే.

"ఉంది వదినా."

"కూర్చున్నాడు కూడా."

"కూర్చున్నాడు."

"కూర్చున్నవాడు కూర్చోక — " అంది.

దీపాల కోసం. దీపాల కోసం వెళ్ళాడు. భార్య కోసం కూర్చోవచ్చు కదా. ముసలి తల్లి కోసం కూర్చోవచ్చు కదా. ఏమీ లేకపోతే బద్ధకించి కూర్చోవచ్చు కదా. ఇంట్లో ఏ పని చెప్పినా కుర్చీలోంచి లేచేవాడు కాదే... దీనికి లేచాడు.

ఆ కప్పు పగలగొట్టాలనిపించింది. పగలగొడితే మళ్ళీ తనే ఊడ్చుకోవాలి.

కిటికీ దగ్గర తొమాసా కొవ్వొత్తి వెలిగించడం ఆపి, అలాగే చెయ్యి గాల్లో పెట్టుకుని వింటోంది.

*

రాజధాని నుంచి అధికారి వచ్చాడు. కర్బహాల్ అతని పేరు. తెల్ల సూటు, తాంపికో ఎండకి వీపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ, చౌరస్తాలో పెద్ద సభ పెడుతున్నామని చెప్పాడు. బ్యాండు, పూలు, బడిపిల్లలు. పోయినవాళ్ళ భార్యలందరూ వేదిక మీదే. ఇలారియో కథ ప్రత్యేకంగా చెప్తారట.

"ఏం కథ?"

"జెండాని కాపాడటానికి వెనక్కి వెళ్ళాడు కదమ్మా."

"దీపాలార్పడానికి వెళ్ళాడు."

"ఆ దీపాలు ఎక్కడున్నాయి? జెండా మీద. అంటే జెండా దగ్గరికే కదా వెళ్ళింది. జెండాని గుండెకి హత్తుకుని — "

"ఆ జెండా ఓడ గోడకి రంగుతో వేసింది బాబూ. ఇంటి గోడంత ఉంటుంది. దాన్ని గుండెకెలా హత్తుకుంటాడు?"

కర్బహాల్ మెడ తుడుచుకున్నాడు. ఓపికగా నవ్వాడు. చిన్నపిల్లలకి నవ్వినట్టు.

"జనానికి ఏదో ఒకటి కావాలమ్మా. రేపో మాపో యుద్ధం ప్రకటిస్తారు. దీపాల స్విచ్చు కోసం చచ్చిపోయాడంటే ఎవరు తుపాకీ పడతారు చెప్పండి?"

"నాకేం తెలుసు. ఆయనైతే పట్టేవాడు కాదు."

అతను వెళ్ళాక తొమాసా నోరు విప్పింది. ఇన్నాళ్ళకి.

"చెప్పనీవే. జెండా అనే చెప్పనీ. వినడానికి బావుంది."

"అత్తా, అది నీ కొడుకు కాదు. ఇంకెవరో."

"బావున్నవాడు" అంది తొమాసా.

ఒతీలియా ముసలామె ఎదురుగా రొట్టె పెట్టింది. తినలేదు. తినకపోతే కుక్కకేస్తానంది. అయినా తినలేదు.

*

చౌరస్తాలో నీడ లేదు.

నీడనిచ్చే చెట్టు కిందే వేదిక కట్టొచ్చు. కట్టలేదు. ఫోటోల్లో ముఖాలు నల్లగా పడతాయని ఎండలో కట్టారు. నల్లబట్టల్లో ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. పెనం మీద రొట్టెల్లా నిలబడ్డారు. బ్యాండువాళ్ళ ఇత్తడి వాయిద్యాల మీంచి ఎండ కళ్ళలోకి కొడుతోంది. బడిపిల్లలు కాగితం జెండాలతో విసురుకుంటున్నారు.

ఉపన్యాసం మొదలైంది.

ఉపన్యాసం సాగింది.

ఉపన్యాసం అయిపోయిందనుకున్నప్పుడల్లా మళ్ళీ మొదలైంది.

ఒతీలియా పక్కన ఓడ వంటవాడి భార్య ఎలోదియా. లావు మనిషి. నల్లబట్టలు అరువువి, చంకల కింద పట్టేస్తున్నాయి. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. ఆ పక్కన, అరువు కోటులో బాల్దొమేరో. కనుబొమ్మల్లేని ముఖంతో, ఏదో విని ఆశ్చర్యపోతున్నట్టు.

"...ఇలారియోన్" అన్నాడు కర్బహాల్. "మన వీరుడు ఇలారియోన్, మంటల మధ్య, జెండాని గుండెకి హత్తుకుని, తన ఆఖరి శ్వాసతో — "

"ఇలారియో" అంది ఒతీలియా.

గట్టిగా అనలేదు. పెళ్ళైనప్పటి నుంచీ అన్నట్టే అంది. కాకపోతే మైకు దగ్గరుంది.

కర్బహాల్ ఆగాడు. జనం ఆగారు. ఒక పిల్లాడు జెండాతో విసురుకోవడం కూడా ఆపాడు.

"ఆయన పేరు ఇలారియో. దీపాలార్పడానికి వెళ్ళాడు" అంది. "ఊరికే వెలుగుతుంటే చూడలేడు. ఇంట్లోనూ అంతే. నేను కుడుతుంటే నెత్తి మీద ఆర్పేవాడు. పడవలో కూర్చున్న మనిషి... లేచి వెళ్ళాడు. చెప్తే వినే రకం కాదు."

ఎవరో నవ్వారు.

తొమాసా.

వేదిక కింద, ముందు వరసలో, ముసలివాళ్ళ కోసం వేసిన కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. పళ్ళు లేని నోటితో, భుజాలు ఎగిరెగిరి పడేలా.

"చిన్నప్పుడు చర్చిలో కొవ్వొత్తులన్నీ ఊదేశాడు" అంది, పక్కనున్నవాళ్ళతో. "పాదిరీ చెవి మెలేశాడు. అయినా మిగిలిన ఒక్కటీ ఊదాకే బయటికొచ్చాడు."

నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి జారిపోయింది. ఎక్కడ జారిందో తెలియలేదు. ఒకటే శబ్దం.

అప్పుడు ఎలోదియా ఊపిరి వదిలింది. చంక దగ్గర కుట్టు పుటుక్కుమంది.

"మావాడూ అంతే. ఎళ్తూ ఎళ్తూ నా కొత్త దుప్పటి చంకన పెట్టుకుపోయాడు. అడిగితే, 'ఓడలో చలే' అన్నాడు. మే నెల్లో చలంట."

"మా ఆయన బూట్లతోనే పడుకునేవాడు" అంది చివర్నుంచి ఇంకొకామె. "ఎన్ని పక్కబట్టలు ఉతికానో."

"మావాడు నన్ను పేరెట్టి పిలిచిందే లేదు. ఈల వేసేవాడు, గొర్రెకి వేసినట్టు."

"గురక..." అంది ఒక పడుచు. అంతే అంది. రెండు చేతులూ ముఖానికి పెట్టుకుంది.

ఎండలో, నల్లబట్టల్లో, ఒకరి తర్వాత ఒకరు. ఎన్నాళ్ళనుంచో మింగిన సణుగుడంతా వేదిక మీద కక్కేస్తున్నారు. ఎవరి మొగుణ్ణి వాళ్ళు తిడుతున్నారు. తిట్టిన కొద్దీ ఆ మనుషులు వచ్చి నిలబడుతున్నారు — బూట్లతో, దుప్పటితో, ఈలతో, గురకతో. ఇప్పటిదాకా జెండా కప్పి ఉంచినవాళ్ళు, దాన్ని తొలగించుకుని లేచొచ్చి తల గోక్కుంటున్నట్టు.

కర్బహాల్ బ్యాండుకి సైగ చేశాడు.

బ్యాండు గట్టిగా వాయించింది. అయినా కాసేపు ఆడవాళ్ళ నోళ్ళు కదులుతూనే ఉన్నాయి.

మర్నాటి పత్రికలో — "వీరుడు ఇలారియోన్ భార్యకి కన్నీళ్ళతో మాట పెగల్లేదు."

*

యుద్ధం ప్రకటించారు.

ప్రకటించగానే ఓడలకి దీపాలు తీసేశారు. ఇలారియో చెప్పినప్పుడు వినలేదు. ఇప్పుడు తీసేశారు. జెండాల మీద బూడిదరంగు పూశారు. ఊళ్ళో కూడా దీపాలార్పమన్నారు. సాయంత్రమయ్యేసరికి చేతికి పట్టీ కట్టుకున్నవాళ్ళు వీధివీధీ తిరిగి తలుపులు కొడుతున్నారు. ఒతీలియా తలుపు కూడా కొట్టారు.

"అమ్మా, దీపం."

"కుట్టుకుంటున్నాను."

"ఆర్పాలమ్మా. సముద్రం మీంచి కనపడుతుంది."

ఆర్పింది. చీకట్లో, సూది వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే కూర్చుంది. మొగుడు పోయినా ఆర్పేవాళ్ళకి కొదవ లేదు... అనుకుంది. నవ్వు రాలేదు. కోపం కూడా సరిగ్గా రాలేదు. ఆ కోపాన్ని తీసుకెళ్ళి ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

జూన్ వానలు పడ్డాక బాల్దొమేరో మళ్ళీ వచ్చాడు. కట్టు విప్పేశారు. చెయ్యి గులాబీ రంగుగా, లేత చర్మంతో, వేరెవరిదో తెచ్చి అతికించినట్టు ఉంది. కనుబొమ్మలు పల్చగా మొలుస్తున్నాయి. ఈసారి కాఫీ పోయగానే తాగేశాడు.

"మళ్ళీ ఎక్కుతున్నా వదినా. ఇవాళే. పొద్దు వాలాక బయల్దేరుతుంది."

"చమురు ఓడేనా?"

"చమురు ఓడే."

"వేరే పని లేదా ఊళ్ళో?"

"పంపులు తప్ప నాకేం వచ్చు?"

ఒతీలియాకి ఒళ్ళు మండింది. వీళ్ళు మారరు. ఒకడు పోయాడు, ఇంకొకడు వెళ్తాడు. ఒకడు దీపాలంటాడు, ఇంకొకడు పంపులంటాడు. జాగ్రత్త అనాలి, దేవుడు చల్లగా చూడాలి అనాలి. ఆ మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. అవి ఎవరైనా అంటారు.

"చూడు బాల్దొమేరో. పడవలో చోటు దొరికితే కూర్చో."

"సరే వదినా."

"కూర్చున్నాక లేవొద్దు. దేనికీ లేవొద్దు. ఎవరు పిలిచినా, ఏం వెలుగుతున్నా, ఏం ఆరిపోతున్నా — కూర్చున్నవాడివి కూర్చునే ఉండు. వింటున్నావా?"

"వింటున్నా."

"వినవు. మీరెవ్వరూ వినరు."

అతను లేచి తొమాసా ముందు తల వంచాడు. ముసలామె అతని నెత్తి మీద చెయ్యి పెట్టింది. కాసేపు తియ్యలేదు. తన చేతి కింద ఎవరి తల ఉందో మరిచిపోయినట్టు... గుర్తొచ్చాక కూడా తియ్యనట్టు.

పొద్దు వాలుతుండగా అత్తాకోడళ్ళు నది ఒడ్డున పడవలు ఆగే చెక్క వంతెన మీదికి వెళ్ళారు. ఇంకా చాలామంది ఆడవాళ్ళు వచ్చారు. ఎలోదియా కూడా వచ్చింది, ఓడలో తనవాళ్ళెవరూ లేకపోయినా. ఎవరి చేతిలోనూ లాంతరు లేదు. వాన వెలిసింది కానీ మబ్బు విడవలేదు. అవతలి గట్టు కరిగిపోయింది. నది కరిగిపోయింది. పక్కనున్న మనిషి ముఖం కూడా కరిగిపోయింది.

ఎక్కడో ఇంజను చప్పుడు.

దగ్గరికొస్తోందో, దూరమవుతోందో తెలియడం లేదు.

ఇన్నేళ్ళూ ఒక్కో ఓడ వెలుగుతూ వెళ్తుంటే, అది మలుపు తిరిగి సముద్రంలో చుక్కయ్యేదాకా చెయ్యి ఊపేవాళ్ళు. ఇప్పుడు ఎటు తిరిగి ఊపాలో కూడా తెలియదు. అయినా చీకట్లో ఎవరో చెయ్యి ఊపుతున్నారు, గాజులు గలగలమంటున్నాయి.

"వెళ్ళిందా?" అంది తొమాసా.

"తెలీటం లేదు అత్తా."

"ఉందా ఇంకా?"

"కనపడితే చెప్పనా?"

తొమాసా కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. తడిగా, గట్టిగా.

ఒతీలియా చీకట్లోకి చూసింది. ఎంత చూసినా చీకటే. కళ్ళు నొప్పెట్టేదాకా చూసింది.

చప్పుడు ఆగింది. ఆగిందో, గాలి మళ్ళిందో...

కాసేపటికి కింద, వాళ్ళ కాళ్ళ కింద, వంతెన కర్రలకి ఒక అల వచ్చి తగిలింది. తర్వాత ఇంకోటి. తర్వాత చిన్నవి, వరసగా.

అప్పటికి ఓడ దాటిపోయింది.